కోసేది ఒకరు, ఎంచుకునేది ఒకరు

జూన్ 3

లాయరుగారికి అక్క దీవెనలు,

కాలేజీలో నువ్వు పిల్లలకి ఆర్థికశాస్త్రం చెబుతావని నాకు తెలుసు. అయినా నాకు మాత్రం లాయరువే. నాలుగేళ్ళప్పుడు అమ్మతో "పడుకోమనడానికి నీకేం హక్కుంది?" అన్నవాడిని ఇంకేమని పిలుస్తాం?

మీ ఆవిడ, పాప కులాసానే అనుకుంటాను. పాపకి గౌను కుట్టి పోయిన వారం పార్సిల్లో వేశాను. చేతులు పొడుగైతే లోపలికి మడిచి కుట్టమను, కత్తిరించొద్దను. పిల్లలు ఆగరు, గుడ్డ పెరగదు.

ఇక్కడ మేం బాగానే ఉన్నాం. బాగానే అంటే రోజూ పోట్లాడుకుంటున్నాం. మా సంఘం గురించి నీకు ముక్కలు ముక్కలుగా చెప్పానేగానీ ఎప్పుడూ పూర్తిగా రాయలేదు. సైకిల్ రిపేరు షాపు పైన పొడుగాటి గది, పదిహేను మందిమి. కోట్లు వేరేచోట కుట్టి మాకు పంపుతారు. మేం చేత్తో కాజాలు కుడతాం. చిన్న ఉలితో గుడ్డ కోసి, కోసిన అంచు చుట్టూ ముడి పక్కన ముడి వేసుకుంటూ పోవాలి. ముడి తప్పితే విప్పి మళ్ళీ కుట్టొచ్చు. కోత తప్పితే మాత్రం కోటు పోయినట్టే.

వచ్చినదంతా ఒకచోట వేసి పదిహేను సమాన భాగాలు చేసుకుంటాం. ఇది కళ్ళజోడు మామ పెట్టిన పద్ధతి. మామ అంటే సంఘం మొదలుపెట్టిన ముసలాయన, అందరికీ మామే. ఇన్నేళ్ళూ ఎవరూ నోరెత్తలేదు. ఇప్పుడు పిడుగు ఎత్తింది. నిరుడు చేరిన పిల్ల, చెయ్యి పిడుగే, నోరూ పిడుగే. మేం ఇరవై కుట్టేలోపు అది నలభై కుడుతుంది. "నలభై కుట్టినదానికీ తొమ్మిది కుట్టినదానికీ ఒకే భాగమా? ఇదేం న్యాయం?" అంటుంది. దానికి ఇంటి దగ్గర మంచంలో తల్లి ఉంది. దాని కోపం కాదనలేం.

తొమ్మిది కుట్టేది మూల కుర్చీ ఆవిడ. ఒకప్పుడు బాగా కుట్టేది. ఈమధ్య చెయ్యి సాగడం లేదు. పొద్దున్నే అందరికీ సూదుల్లో దారం ఎక్కించి పెట్టేది కూడా పిడుగే, చిన్నపిల్ల కళ్ళు కదా. ఆవిడకి మాత్రం పదో పన్నెండో ఎక్కువ ఎక్కించి కుర్చీ చేతికి గుచ్చి పెడుతుంది. విసుక్కుంటూనే చేస్తుంది.

మీ తమ్ముడు చదువుకున్నవాడు కదా, ఆయన్నే అడగమని అందరూ నా మీద పడ్డారు. తగువు తీర్చి పంపు. ఫీజు అడక్కు.

నీ అక్క


జూన్ 11

అక్కా,

ఫీజు ముందే ముట్టింది. గౌను అందింది. పాప అది విప్పనని ఏడ్చి, దానితోనే పడుకుంది.

నీ ఉత్తరం చదివి నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతో. మేం పుస్తకాల్లో కొట్టుకునేదంతా మీ సైకిల్ షాపు పైన జరుగుతోంది! అందరికీ అవకాశం సమానంగా ఉండాలా, చివరికి చేతికొచ్చేది సమానంగా ఉండాలా అన్నదే తగువు. నా పక్షం నీకు తెలుసు. ఆ పక్షం నాకు నేర్పింది ఎవరనుకున్నావు? నువ్వే.

రొట్టె గుర్తుందా? అమ్మ ఒక్కటే ఇచ్చేది. ఒకరు కోయాలి, రెండోవాళ్ళు ముందు ఎంచుకోవాలి. కోసేది ఎప్పుడూ నువ్వే, ఎంచుకునేది నేను. పెద్ద ముక్క నాకు పోతుందన్న భయంతో నువ్వు సరిగ్గా సగానికి కోయక తప్పదు. ఎవరి దయా అక్కర్లేదు, పద్ధతి సరిగ్గా ఉంటే చాలు. ఈ మాట నేను ప్రతి ఏడూ మొదటి క్లాసులో చెబుతాను. పిల్లలకి నువ్వు బాగా తెలుసు.

కాబట్టి ఇలా చేయండి. కిటికీ దగ్గర కుర్చీలు కొన్నే అని, నల్ల గుడ్డ మీద పని కష్టమని ఒకసారి చెప్పావు. సోమవారం సోమవారం చీటీలు వేయండి. కుర్చీకి ఒక చీటీ, గుడ్డకి ఒక చీటీ. ఎవరి అదృష్టం వాళ్ళది, అందరికీ ఒకే డబ్బా. తర్వాత ఎవరు కుట్టినదానికి వాళ్ళకే ప్రతిఫలం. పాడుచేసిన కోటు పాడుచేసినవాళ్ళ మీదే. అయిదు వేళ్ళూ సమానంగా ఉండవక్కా. ఉండాలని పట్టుబడితే పొడుగు వేలిని కోసుకోవాలి.

ఈ ముక్క సంఘంలో చదవకు, నీకు మాత్రమే. ఆ మూల కుర్చీ ఆవిడని మెల్లగా సాగనంపడమే మేలు. ఒకరి బరువు పధ్నాలుగు మంది మొయ్యడం ఆవిడకీ మర్యాద కాదు. నువ్వెలాగూ నష్టపోవు. నా చొక్కాకి గుండీ కుట్టేటప్పుడు నేను పది లెక్కపెట్టేలోపు అయిపోయేది. నీ చేతికి పిడుగు కూడా సాటి రాదు.

ఇంకో సంగతి. ఆగస్టులో పెద్ద సభలో ఈ విషయం మీదే మాట్లాడమన్నారు. ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి. మీ సంఘం కథ చెప్పుకుంటాను, సరేనా?

నీ అక్షరాలు రాను రాను గుమ్మడికాయలంత అవుతున్నాయి. నేనింకా అక్షరాలు దిద్దుకుంటున్నాననా?

తమ్ముడు


జూన్ 27

లాయరుగారికి,

నీ పద్ధతి నెగ్గింది. ఎనిమిది మంది అవునన్నారు, ఏడుగురు కాదన్నారు. ఒక్క చెయ్యి అటుదిటైతే ఓడేది. నీ ఉత్తరం గదిలో చదివాక వాదించడానికి ఎవరికీ ఏమీ మిగల్లేదు. కళ్ళజోడు మామ మాత్రం ఒక మాటన్నాడు. "అయిదు వేళ్ళూ సమానం కాదు నిజమే. అయిదూ కలవకుండా ముద్ద నోట్లోకి పోతుందేమో ఆ అబ్బాయిని ఒకసారి కనుక్కోండి" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వాక కూడా ఎనిమిది చేతులే లేచాయి.

ఆ ఎనిమిదిలో మూల కుర్చీ ఆవిడ చెయ్యి కూడా ఉంది. ఎందుకెత్తావని మామ ఆవిడనే అడిగాడు. చదువుకున్నవాళ్ళు చెప్పింది తప్పవుతుందా అంది.

రెండు సోమవారాలు చీటీలు వేశాం. డబ్బా బిస్కెట్లది. తగువులు తగ్గాయి, మాటలు కూడా తగ్గాయి. ఇదివరకు ఒకరు కథ చెబుతుంటే పదిమంది వింటూ కుట్టేవాళ్ళం. ఇప్పుడు వింటూ కూర్చుంటే ఒక కాజా తగ్గుతుందని ఎవరికి వాళ్ళకి భయం. వర్షం పడుతున్నట్టు దారాలు లాగే చప్పుడొక్కటే వినపడుతుంది.

ఒకటి మాత్రం నువ్వు రాయడం మర్చిపోయావు. పొద్దున్న సూదుల్లో దారం ఎక్కించే పని ఎవరిది? పిడుగు మానేసింది. దాని తప్పేం లేదు. అందరికీ ఎక్కించేలోపు దానికి నాలుగు కాజాలు పోతాయి. ఇదివరకు ఆ పొద్దు అందరిదీ, ఇప్పుడు దానిది. మూల కుర్చీ ఆవిడకి ఒక్కో సూది దగ్గర పావుగంట పడుతోంది. దారం కొస నోట్లో తడిపి, చూపుడువేలు మీద పెట్టి, బెజ్జం ఎక్కడుందో వెతుక్కుంటుంది. నీ పద్ధతిలో దీనికేమైనా చోటుందా?

మరదలికి నా మాటగా చెప్పు, మామిడికాయలు పంపొద్దని. దారిలోనే సగం కుళ్ళుతున్నాయి.

అక్క


జూలై 6

అక్కా,

ఎనిమిది చేతులు! మా స్టాఫ్ రూములో చెప్పి అందరికీ టీ పోయించాను.

సూది సంగతి. ఎవరి సూదికి వాళ్ళే ఎక్కించుకోవాలి, అందులో ఆలోచించడానికేముంది? లేదా పిడుగు ఎక్కించినందుకు ఆవిడ తన కాజాల్లోంచి ఒకటో రెండో పిడుగుకి ఇవ్వాలి. ఊరికే జరిగే పని వెనక ఎవరో ఒకరు నష్టపోతుంటారు. ఇన్నాళ్ళూ అది పిడుగు, మీరెవరూ చూడలేదు.

కళ్ళజోడు మామ మాటలు నీ కలంలోంచి వినపడుతున్నాయక్కా. పెద్దాయన మంచివాడే. అయితే అందరూ అందలమెక్కితే మోసేవాళ్ళెవరని ఆయన్ని కూడా ఒకసారి కనుక్కో.

సభకి నాకు వివరాలు కావాలి. ఎవరు రోజుకి ఎన్ని కుడుతున్నారో మార్పుకి ముందు, తర్వాత రాసి పంపు. నువ్వెన్ని కుడుతున్నావో తప్పకుండా రాయి. నా అక్క అని చెప్పను, గర్వం మాత్రం పడతాను.

ఈ కవర్లోనే ఒక ఫోటో పెట్టాను. చూసి ఎలా ఉందో రాయి. దానికోసం ఇంట్లో ఇద్దరు ఎదురుచూస్తున్నారు.

పోయిన ఉత్తరంలో ఒక లైను మీద ఇంకో లైను రాసేశావు. మూడో పేజీ నాకు సగమే అర్థమైంది. తీరిక లేకపోతే ఆదివారం రాయి. నడుస్తూ రాసిన ఉత్తరం నాకొద్దు.

తమ్ముడు


జూలై 24

తమ్ముడికి,

ఆలస్యమైంది, ఏమనుకోకు.

ఫోటో అందింది. బాగున్నావు. కొంచెం చిక్కినట్టున్నావు, సభ గోలలో పడి తిండి మానేస్తున్నావేమో. చొక్కా బాగుంది.

వివరాలడిగావు. పిడుగు నలభై నుంచి యాభైకి పోయింది. మధ్యాహ్నం తినడానికి కూడా లేవదు, ఒళ్ళో పెట్టుకుని తింటుంది. ముగ్గురు నలుగురు ఇరవై అయిదు దాకా వచ్చారు. మిగతావాళ్ళు ఎక్కడివాళ్ళక్కడే. మూల కుర్చీ ఆవిడ తొమ్మిది నుంచి అయిదుకి దిగింది. నా లెక్క రాయడానికి గొప్పగా ఏమీ లేదు, వదిలెయ్యి.

ఆవిడకి ఒకసారి కిటికీ కుర్చీ చీటీ కూడా వచ్చింది. అందరం సంతోషించాం. కిటికీ దగ్గర కూర్చున్నా అవే అయిదు. వెలుతురు అందరి మీదా పడుతుందిగానీ అందరికీ ఒకేలా పనికిరాదు. తర్వాత వరసగా మూడు వారాలు నల్ల గుడ్డే వచ్చింది. నల్ల కోటు మీద నల్ల దారం ఎలా ఉంటుందో నీకు తెలీదు. పిడుగే ఒకోసారి తిట్టుకుంటుంది. ఆవిడ కళ్ళతో కుట్టడం మానేసి గోటితో తడుముకుంటూ కుడుతోంది.

కళ్ళజోడు మామ తన తెల్ల గుడ్డ చీటీ ఆవిడకిచ్చి నల్లది తీసుకోబోయాడు. పిడుగు ఒప్పుకోలేదు. చీటీ మార్చుకోవడం మొదలైతే ఇంక చీటీ ఎందుకంది. అన్నాక మొహం తిప్పుకుంది. అది చెప్పింది సబబే కదా? నీ పద్ధతి ప్రకారం సబబే.

అందుకే నిన్ను సూటిగా అడుగుతున్నాను. ఆవిడ బద్ధకస్తురాలు కాదు. అందరికంటే ముందొచ్చి అందరికంటే వెనక పోతుంది. మొగుడు లేడు, ఒంటరిది, ఈ పని తప్ప ఇంకోటి రాదు. ఆవిడే నీ ఎదురుగా నిలబడి అడిగితే నువ్వేం చెబుతావు? పుస్తకంలోది కాదు, నీ నోటి మాట కావాలి.

అక్క


ఆగస్టు 5

అక్కా,

ఫోటోలో నేను లేను. నీ మేనకోడలు ఉంది, నువ్వు కుట్టిన గౌను తొడుక్కుని, బడికి వెళ్ళిన మొదటి రోజు. అత్త ఏం రాసిందని నాలుగుసార్లు అడిగింది. నాన్న చిక్కాడని రాసిందని చెప్పలేకపోయాను. అసలు కవర్లోంచి తీసి చూశావా? కోపం వచ్చిందని దాచను. మీ సంఘం గొడవలూ ఆ మూల కుర్చీ ఆవిడా నీకు ముఖ్యమై, ఒక్కగానొక్క తమ్ముడి కూతురి ఫోటో చూడ్డానికి తీరిక లేకపోయిందా?

సరే. నువ్వడిగినదానికి జవాబు. ఆవిడ నా ఎదురుగా నిలబడితే ఇలా చెబుతాను. "అమ్మా, నీ మీద నాకు జాలి ఉంది. కానీ జాలి వేరు, న్యాయం వేరు. అందరితో పాటు నీకూ చీటీ వచ్చింది, కిటికీ వచ్చింది, అదే సూది, అదే గుడ్డ. తలుపు తీసి ఉంచడం వరకే సంఘం పని. నడవడం నీ పని. నడవలేకపోతే ఆ తప్పు తలుపుది కాదు." ఇంతే. కటువుగా ఉందంటే ఉండనీ. ఆవిడకి ఇష్టమైతే నా మాటగానే చదివి వినిపించు.

నువ్వు ఆవిడ గురించి రాసినంత నీ గురించి రాయవు. అది నాకు నచ్చడం లేదు.

తమ్ముడు


ఆగస్టు 22

అక్కా,

నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. కోపంగా ఉన్నావని తెలుసు. ఫోటో గురించి అలా రాయకుండా ఉండాల్సింది. అయినా ఈ కబురు ముందు నీకే చెప్పాలి.

సభ అయింది. హాలు నిండిపోయి వెనక నిలబడ్డారు. రొట్టె కథతో మొదలుపెట్టాను, నవ్వారు, అక్కణ్ణుంచి పట్టు దొరికింది. మీ చీటీల డబ్బా గురించి చెప్పాను. చివర్లో మూల కుర్చీ ఆవిడ గురించి, నీకు రాసిన మాటలే కొంచెం చెక్కి చెప్పాను. "తలుపు తెరిచే ఉంది, నడవడం ఆమె వంతు" అనగానే చప్పట్లు. ముందు వరసలో మా ప్రిన్సిపాల్ కూడా కొట్టాడు. దాన్ని పుస్తకంగా వేస్తామంటున్నారు.

ఇంటికొచ్చేటప్పుడు బస్సులో నువ్వే గుర్తొచ్చావు. అమ్మ ఉంటే నీకే ముందు చెప్పేది, చూశావా నీ తమ్ముడు అని. ఒక్క ముక్క రాయక్కా. తిట్టినా సరే.

తమ్ముడు


సెప్టెంబర్ 2

తమ్ముడికి,

చేతిరాత కొత్తగా ఉందని కంగారు పడకు. చెబుతున్నది నేనే. రాస్తున్నది పిడుగు. దాని అక్షరాలు దాని కాజాల్లాగే ఉంటాయట, దగ్గర దగ్గరగా.

మూల కుర్చీ ఆవిడ నేనే.

ఈ వాక్యం దాకా రావడానికి మూడు నెలలు పట్టింది. కళ్ళు నిరుడే మొదలయ్యాయి. మధ్యలో కనపడుతుంది, చుట్టూ మసి పూసినట్టు. ఇప్పుడు మధ్యలో కూడా పలచబడింది. పొర అయితే తీసేసేవాళ్ళం, ఇది నరం అన్నాడు డాక్టరు. పోయినంత పోయింది, ఉన్నంత నిలబెట్టడానికి చుక్కల మందు వేసుకుంటున్నాను. అందుకే గుమ్మడికాయ అక్షరాలు. అందుకే లైను మీద లైను. ఫోటో ఎవరికీ చూపించలేదు, నాకు అందులో ఏదో మనిషి ఆకారం కనపడింది, నువ్వే అయ్యుంటావనుకున్నాను. పాప నాకోసం నిలబడిందని తెలిస్తే ఎవరినైనా అడిగేదాన్ని. ఇప్పుడు పిడుగు చెప్పింది, గౌను చేతులు మడిచి కుట్టారట. జడలు రెండట. సంతోషం.

నీ ఉత్తరాలు కొన్నాళ్ళు కిటికీకి ఆనించి చదువుకున్నాను. జూన్‌లో పెద్ద ఉత్తరం వచ్చేసరికి అది కూడా చేతకాలేదు. సంఘం ముందు చదవమని పిడుగు చేతికిచ్చాను. బాగా చదివింది. "ఈ ముక్క సంఘంలో చదవకు" అన్నచోట ఆగింది. ఏముందో నాకు తెలీదు కదా, ఆపకుండా చదవమ్మా అన్నాను. చదివింది. ఒకరి బరువు పధ్నాలుగు మంది మొయ్యడం ఆవిడకి మర్యాద కాదని. గదిలో అందరికీ తెలుసు ఆవిడెవరో, రాసిన నీకు తప్ప. ఎవరూ నా వైపు చూడలేదట, పిడుగు ఇప్పుడు చెబుతోంది. అప్పుడే చేతులెత్తమన్నారు. నేను ఎత్తాను. ఎనిమిదో చెయ్యి నాది. నా తమ్ముడి మాటకి నేనే ఎత్తకపోతే ఇంకెవరు ఎత్తుతారు? ఎత్తకపోతే నా భాగం కోసం ఎత్తలేదంటారని కూడా అనిపించింది.

ఎందుకు చెప్పలేదంటావు. మొదట సిగ్గుతో. నువ్వు పది లెక్కపెట్టేలోపు గుండీ కుట్టిన చెయ్యి గురించే రాశావు, దాన్ని ఎలా కాదనను. తర్వాత సిగ్గు పోయింది, ఇంకోటి మిగిలింది. అక్క అని తెలిస్తే నువ్వు వెంటనే పద్ధతి మారుస్తావు, నాకు తెలుసు. ఎవరో అయితే ఏమంటావో వినాలనిపించింది. విన్నాను. నీ మాటగా చదివి వినిపించమన్నావు కదా, ఆ ఉత్తరం కూడా పిడుగే చదివింది. ఈసారి నేను చెప్పినా ఆగి, లేచి వెళ్ళి నీళ్ళు తాగొచ్చి చదివింది.

ఆగస్టు చివర్లో ఒక నల్ల కోటు కోశాను. ఛాతీ దగ్గర, అందరికీ కనపడేచోట, వేలెడు ఎక్కువ. పద్ధతి ప్రకారం నా మీద పడింది. ఎవరూ నన్ను పొమ్మనలేదు. నేనే సూదుల డబ్బా తెచ్చుకున్నాను. కళ్ళజోడు మామ మెట్ల దాకా వచ్చాడు. ఇప్పుడు ఇంట్లోనే అట్టపెట్టెలు మడుస్తున్నాను. వాటికి కళ్ళక్కర్లేదు. బతకడానికి చాలవుగానీ, రోజు గడవడానికి పనికొస్తాయి.

రొట్టె సంగతి కూడా చెప్పేస్తాను, ఎలాగూ పుస్తకం వేస్తున్నావు. నేనెప్పుడూ సగానికి కోయలేదురా. నీకు ఆ ఏడు జ్వరం వచ్చి పుల్లలా అయ్యావు. తినమంటే తినవు, కానీ గెలిచానంటే మాత్రం తింటావు. అందుకని ఒకటి పెద్దది కోసి, నీకు తెలిసేంత పెద్దది కోసి, ముందు పెట్టేదాన్ని. నువ్వు చూసి, లాయరులా ఆలోచించి, పెద్దది తీసుకునేవాడివి. జ్వరం తగ్గినా అలవాటు పోలేదు, నీకూ నాకూ. పద్ధతి ఒక్కటే ఉంటే చాలదని నాకప్పుడే తెలుసు. నీకు చెప్పలేదు, నా తప్పే.

అక్క


సెప్టెంబర్ 8

అక్కా,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. నీ ఉత్తరం స్టాఫ్ రూములో తెరిచాను. రెండో లైను చదివి తలుపేసుకున్నాను. గంట కొట్టినా క్లాసుకి వెళ్ళలేదు.

ఆ హాల్లో నా అక్కని నిలబెట్టి నడవమన్నాను. చప్పట్లు కొట్టించుకున్నాను. టీ పోయించాను. పాత ఉత్తరాలన్నీ తీసి వరసగా పేర్చి చూశాను. జనవరిలో అక్షరం చీమంత, మేలో చింతగింజంత, జూలైలో కాగితం చాలలేదు. అన్నీ నా బల్ల మీదే ఉన్నాయి. కళ్ళు పోయింది నీకు, చూడనిది నేను.

మొదట నీ మీద కోపం వచ్చింది, నిజం చెబుతున్నా. ఒక్క ముక్క చెప్పి ఉంటే అనుకున్నాను. తర్వాత అర్థమైంది, చెప్పి ఉంటే ఏం చేసేవాడినో. నువ్వు రాసినట్టే చేసేవాడిని. అక్కకి ఒక పద్ధతి పెట్టి, హాల్లో మాత్రం ఇంకొకరి మూల కుర్చీ గురించి అవే మాటలు చెప్పేవాడిని. అది ఇంకా అసహ్యంగా ఉంది.

పుస్తకం వద్దని చెప్పేశాను. ఎందుకన్నారు. కోత తప్పిందన్నాను, వాళ్ళకి అర్థం కాలేదు. సంఘానికి కూడా విడిగా ఉత్తరం రాశాను. సగం అందరికీ సమానంగా పంచి, మిగతా సగమే పనిని బట్టి ఇవ్వమని, సూదుల్లో దారం ఎక్కించిన పొద్దుని అందరి ఖాతాలో వెయ్యమని, పాడైన కోటుని అందరూ మొయ్యాలని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, తెలుసు.

నువ్వు ఇక్కడికి వచ్చెయ్. పాప గది పక్కన గది ఖాళీగా ఉంది. నీ మరదలు అప్పుడే దులిపింది. నేను ఈ ఆదివారం కాక పై ఆదివారం పొద్దున్న బస్సుకి వస్తున్నాను. రొట్టె తెస్తాను. ఈసారి నేను కోస్తాను, నువ్వు ఎంచుకో. సరిగ్గా సగానికి కోస్తాను, కొలబద్ద పెట్టి కోస్తాను.

తమ్ముడు


సెప్టెంబర్ 14

తమ్ముడికి,

నీ ఉత్తరం పిడుగు చదివింది. చదువుతూ అదీ ఏడ్చింది, ఈ మాట రాయనంటే బలవంతంగా రాయిస్తున్నాను. దీని మీద మాత్రం కోపం పెట్టుకోకు. అది అడిగింది తప్పు కాదు. నలభై కుట్టినదానికి నలభై అడిగింది. తల్లికి మందులు ఇప్పుడు తప్పకుండా వస్తున్నాయి. నీ పద్ధతి వల్ల బాగుపడినవాళ్ళు కూడా ఉన్నారని రాసిపెట్టుకో, అబద్ధం ఆడొద్దు.

సంఘానికి నువ్వు రాసింది శనివారం చదివారట. చేతులెత్తమన్నారట. ఆరు లేచాయి. ఎనిమిది లేవలేదు. పిడుగు ఎత్తిందో లేదో నేను అడగలేదు, అది చెప్పలేదు. నువ్వు మొదట చెప్పిన మాటే వాళ్ళకి బాగా గుర్తుందట. మామ నీకు కబురు చెప్పమన్నాడు, రెండో ఉత్తరం ముందు రాయాల్సిందని. మూల కుర్చీ ఖాళీగా లేదు. ఇంకొకావిడ కూర్చుంది, నా కంటే పెద్దది. పిడుగు సాయంత్రం పూట మా ఇంటికొచ్చి, నేను అట్టపెట్టెలు మడుస్తుంటే, నా పక్కన కూర్చుని రేపటి సూదులకి దారం ఎక్కించుకుంటుంది. ఆ పెద్దావిడ సూదులకి కూడా అదే ఎక్కించి పెడుతుంది. ఎవరూ అడగలేదు, ఎవరూ లెక్కలో వెయ్యరు.

మీ ఇంటికి ఇప్పుడే రాను. ఈ గదిలో మంచం ఎక్కడుందో, కొళాయి ఎటు తిరగాలో నా చేతులకి తెలుసు. కొత్తచోట మళ్ళీ మొదటి నుంచి తడుముకోవాలి. పాపని నన్ను చూడ్డానికి తీసుకురా. దాని మొహం ఎలా ఉంటుందో వేళ్ళతో చూస్తాను, భయపడొద్దని ముందే చెప్పు.

నువ్వు రా. రొట్టె తే. కొలబద్ద అక్కర్లేదు, కోసేది నువ్వే కొయ్యి. నన్ను మాత్రం ఎంచుకోమనకు. ఏది పెద్దదో నాకు కనపడదు. చేతిలో పెట్టు.

అక్క